కరువు ప్రాంతాల్లో పశుపోషక మహిళలతో చిన్న వ్యాపారం మొదలుపెట్టించడం ఎలా?

ఉత్తర కెన్యాలోని మార్సబిట్, సంబురు, తుర్కానా, ఇసియోలో, వాజిర్ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఆస్తి అంటే పశువుల మందే. ఒంటెలు, ఆవులు, మేకలు, గొర్రెలు. సరిహద్దు దాటి దక్షిణ ఇథియోపియాలోని బొరానా ప్రాంతానికి వెళ్లినా అంతే. వానలు ఏడాదికి రెండు విడతలు: మార్చి నుంచి మే వరకు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇంకొకటి. 2020 చివర మొదలై వరసగా ఐదు వానకాలాలు తప్పిపోయాయి. లక్షల పశువులు చచ్చిపోయాయి.

కరువు ముదిరితే మగవాళ్లు మందను తోలుకుని మేత ఉన్నచోటికి దూరాలు వెళ్లిపోతారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నాలుగు పాడి మేకలతో గూడెంలో ఉండిపోతారు. ఎప్పుడో ఒక పశువును అమ్మితే తప్ప చేతికి డబ్బు రాదు. కరువులో బక్కచిక్కిన పశువు ధర పడిపోతుంది, మొక్కజొన్న పిండి ధర పెరుగుతుంది. నిన్నటిదాకా ఒక మేకను అమ్మితే వచ్చే తిండిలో ఇవాళ సగం కూడా రాదు. ఇంటి ఆడమనిషికి మందతో సంబంధం లేని సొంత రాబడి కొంచెమైనా ఉండాలనేది ఇందుకే.

మీరు ఏదైనా స్వచ్ఛంద సంస్థ తరఫున అక్కడ పని చేయబోతున్నా, అలాంటి పనికి డబ్బు సాయం చేయాలనుకుంటున్నా ఈ గైడ్ మీ కోసమే. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒక్క ప్రశ్నను వదలకండి: ఊరందరి చేతికి డబ్బు రావడం ఆగిపోయిన నెలలో ఈ వ్యాపారం దగ్గరికి కొనడానికి ఎవరు వస్తారు? వానలు బాగున్న ఏడాదిలో ఏ దుకాణమైనా నడుస్తుంది.

1. ముందు ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

వెళ్లగానే మీటింగ్ పెట్టి పేర్లు రాసుకోకండి. కొన్ని వారాలు వినడానికే కేటాయించండి. ఈ సమాజాల్లో చాలాచోట్ల పశువు మగవాడిది, పాలు ఆడదానివి. పాలు ఎన్ని ఇంట్లోకి, ఎన్ని అమ్మకానికి అనేది ఆమే నిర్ణయిస్తుంది. ఆమె చేతిలో ఇప్పటికే ఉన్న హక్కు అది. దాన్ని ఆసరాగా తీసుకున్న వ్యాపారానికి ఇంట్లో పెద్దగా అభ్యంతరం రాదు. మేకను అమ్మే హక్కు ఆమెకు ఉందా, భర్త ఊళ్లో లేనప్పుడు ఎవరిని అడగాలి, విధవరాలైతే మరిది మాట చెల్లుతుందా అనేవి ఒక్కో తెగలో ఒక్కో రకంగా ఉంటాయి. అడిగి తెలుసుకోవాల్సిందే.

పెద్దమనుషులతో, భర్తలతో ముందే మాట్లాడండి. ఆడవాళ్ల కార్యక్రమం కదా, మగవాళ్లతో పనేముంది అనుకుంటే మొదటి లాభం చేతికొచ్చిన రోజే ఇంట్లో గొడవ మొదలవుతుంది. డబ్బు ఎవరిది, దేనికి ఖర్చు పెట్టాలి అనేది అందరి ముందూ ఒకసారి తేల్చుకుంటే తర్వాత ఆమెకు అదే రక్షణ.

ఎవరిని ఎంచుకోవాలో మీరు నిర్ణయించకండి. గూడెం వాళ్లనే కూర్చోబెట్టి, ఏ ఇంటికి ఎంత ఉంది, ఏ ఇంటికి ఏమీ లేదు అని వాళ్ల చేతే వరసలు కట్టించండి. తర్వాత ఆ ఇళ్లకు స్వయంగా వెళ్లి చూడండి. ఈ రెండో పని మానేస్తే పెద్దల బంధువులే జాబితా నిండా ఉంటారు. మీటింగ్‌కు రాలేని, నోరు విప్పలేని మనిషి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఈ కార్యక్రమం ముఖ్యంగా ఆమె కోసమే కాబట్టి ఆమె కోసం వెతకండి.

2. అప్పుతో మొదలుపెట్టకండి

ఈ విషయంలో నాకు ఏ మొహమాటం లేదు. మంద పోయిన, పూట గడవని ఇంటికి మొదటి సాయంగా అప్పు ఇవ్వడం అన్యాయం. వాన తప్పితే ఆమె తీర్చలేదు. తీర్చలేకపోతే మిగిలిన ఒక్క మేకా పోతుంది, నలుగురిలో పరువూ పోతుంది.

బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ సంస్థ 2002లో దీనికి వేరే దారి వేసింది. అతి పేద మహిళకు ముందు ఒక ఆస్తిని ఉచితంగా ఇవ్వడం, కొన్నాళ్లు తిండి ఖర్చుకు కొంత చేయూత, పని నేర్పడం, పొదుపు అలవాటు చేయడం, వారం వారం ఇంటికి వచ్చి పలకరించే మనిషిని పెట్టడం. ఈ పద్ధతిని ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్తాన్, పెరూల్లో పదివేల మందికి పైగా మనుషులతో పరీక్షించారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ఆ ఫలితాలను 2015లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. కార్యక్రమం ముగిసి ఏడాది గడిచాక కూడా చాలాచోట్ల రాబడి, తిండి మెరుగ్గానే ఉన్నాయి. హోండురాస్‌లో మాత్రం ఫలితం నిలవలేదు. అక్కడ ఎక్కువమంది కోళ్లు తీసుకున్నారు, చాలావరకు జబ్బుతో చచ్చిపోయాయి. కరువు ప్రాంతంలో పని చేసేవాళ్లు ఈ ఒక్క వివరాన్ని గుర్తుంచుకోవాలి. అందరికీ ఒకే ప్రాణిని పంచితే, ఒకే దెబ్బకు అందరూ పడిపోతారు.

ఉత్తర కెన్యాలో బోమా ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ పద్ధతినే అక్కడి పరిస్థితికి తగ్గట్టు మార్చింది. ముగ్గురు మహిళలు కలిసి ఒక వ్యాపారం పెడతారు. పెట్టుబడిని ఉచితంగానే, కానీ రెండు విడతల్లో ఇస్తారు. మొదటి విడతతో వ్యాపారం నడుస్తోందని చూశాకే రెండోది. అదే ప్రాంతం నుంచి వచ్చిన మార్గదర్శకురాలు రెండేళ్లపాటు వెంట ఉంటుంది. మీరు కొత్తగా ఏదో కనిపెట్టే అవసరం లేదు, ఈ చట్రంతోనే మొదలుపెట్టండి.

3. ముగ్గురు ఎందుకు?

ఒక్కరైతే పిల్లాడికి జ్వరం వచ్చిన రోజు దుకాణం మూతపడుతుంది. నీళ్ల కోసం సగం రోజు నడవాల్సిన చోట ఇది చిన్న సమస్య కాదు. పదిమంది అయితే పని చేసేది ఇద్దరు, వాటా అడిగేది పదిమంది. ముగ్గురైతే ఒకరు పట్టణానికి సరుకు తేవడానికి వెళ్తారు, ఒకరు కొట్లో కూర్చుంటారు, ఒకరు పిల్లల్నీ మేకల్నీ చూసుకుంటారు.

ఇంకో లాభం బయటికి కనిపించదు. పశుపోషక సమాజంలో అడిగినవాళ్లకు లేదనడం తప్పు. ఇవాళ నా దగ్గర ఉంటే నీకు, రేపు నీ దగ్గర ఉంటే నాకు. వందల ఏళ్లుగా వాళ్లను కరువుల నుంచి దాటించింది ఈ ఇచ్చిపుచ్చుకోవడమే. అలాంటి చోట ఒంటరి మనిషి ఆడబిడ్డ మొహం చూసి చక్కెర అరువు ఇవ్వనని అనలేదు. ముగ్గురుంటే మాత్రం, "నాదొక్కదానిదే అయితే ఇచ్చేదాన్ని, మిగతా ఇద్దరూ ఒప్పుకోవాలి కదా వదినా" అనగలుగుతుంది. బంధుత్వం చెడదు, సరుకు నిలుస్తుంది.

ముగ్గురినీ మీరు జతపరచకండి, వాళ్లే జత కట్టుకోవాలి. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకుండా మాత్రం చూడండి.

4. వ్యాపారం ఎంచుకోవడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఏం పెడతారని అడిగితే అందరూ మొదట చెప్పేది దుకా, అంటే చిన్న కిరాణా కొట్టు. చక్కెర, టీ పొడి, మొక్కజొన్న పిండి, నూనె, సబ్బు. తప్పేమీ లేదు. కానీ ఒకే గూడెంలో ఐదు జట్లు ఐదు కొట్లు పెడితే అందరూ మునుగుతారు. ముందు గూడెంలో ఇళ్లు ఎన్ని, ఇప్పటికే ఉన్న కొట్లు ఎన్ని, వాళ్లు ఏం కొనడానికి పట్టణం దాకా నడుస్తున్నారో లెక్కపెట్టించండి. ఆ లెక్కను ఆ మహిళలే చేయాలి. నేలమీద రాళ్లు పేర్చి చేసినా సరే.

కొట్టు కాకుండా చూడదగ్గవి ఇంకా ఉన్నాయి.

ఒంటె పాలు. ఆవు ఎండిపోయిన తర్వాత కూడా ఒంటె పాలిస్తుంది. ఇసియోలోలో సోమాలి మహిళలు చుట్టుపక్కల మందల నుంచి ఒంటె పాలు సేకరించి బస్సుల్లో నైరోబీకి పంపుతున్నారు. అక్కడి ఈస్ట్‌లీ పేటలో కొనేవాళ్లున్నారు. ఇక్కడ వాన పడినా పడకపోయినా నైరోబీలో తాగేవాళ్లు తాగుతారు కాబట్టి మన ప్రశ్నకు ఇది మంచి జవాబు. చిక్కంతా శుభ్రతలో ఉంది. సందులు కడగడానికి వీల్లేని ప్లాస్టిక్ డబ్బా బదులు వెడల్పు మూతి ఉన్న అల్యూమినియం క్యాన్ కొనండి. నీళ్లకు కరువున్న చోట పాత్రను తుమ్మజాతి కట్టెల పొగ పట్టించి శుభ్రం చేసే పాత పద్ధతి ఉంది. దాన్ని మాన్పించకండి. ఒక్కొక్కరి పాలు కొంచెం కాచి, విరగలేదని చూశాకే పెద్ద క్యాన్‌లో పోయాలి. ఒకరి పాలు పులిసి ఉంటే క్యాన్ మొత్తం పోతుంది.

జిగురు, సాంబ్రాణి, బోళం. తుమ్మ బంక, బోస్వెల్లియా (సాంబ్రాణి), కొమ్మిఫోరా (బోళం) చెట్ల జిగుర్లు ఆ పొడి నేలల్లో అడవిలోనే దొరుకుతాయి. ఎండాకాలంలోనే ఎక్కువ కారతాయి, అంటే పాల రాబడి తగ్గే రోజుల్లోనే ఇవి చేతికొస్తాయి. మేకల వెంట తిరుగుతూనే ఏరుకోవచ్చు. బెరడు, మట్టి తీసేసి రంగు, గడ్డ సైజును బట్టి వేరు చేస్తే ధర బాగా పలుకుతుంది. ముగ్గురు మహిళల జట్టు ఏరడం కంటే, ఏరినవాళ్ల దగ్గర కొని, శుభ్రం చేసి, తూకం వేసి టోకు వ్యాపారికి అమ్మడం మంచిది. కొనేవాడు ఎవరో ముందే ఖాయం చేసుకోండి. ఎక్కువ జిగురు కోసం చెట్టును లోతుగా నరికితే అది చచ్చిపోతుంది. ఆ సంగతి అందరి మధ్యా ఒప్పందంగా ఉండాలి.

నిల్వ మాంసం. కరువు తొలిరోజుల్లో పశువులు ఇంకా కండపట్టి ఉండగానే ధరలు జారడం మొదలవుతుంది. ఆ సమయంలో కొని, మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి ఆరబెట్టి, కొవ్వులో వేయించి, ఆ కొవ్వులోనే నిల్వ చేస్తారు. ఉత్తర కెన్యాలో దాన్ని న్యిరిన్యిరి అంటారు. నెలల తరబడి పాడవదు. చేయడం అక్కడి ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మూత గట్టిగా పట్టే డబ్బాలు, పట్టణంలో అమ్మిపెట్టే మనిషి ఉంటే చాలు.

మేత, కాయలు. సర్కారు తుమ్మ అక్కడ కూడా పిచ్చిగా పెరిగి బాధపెడుతోంది. దాని పండిన కాయలను గింజలతో సహా పిండి చేసి దాణాలో కలపవచ్చు. గింజ నలగకపోతే పేడలోంచి మళ్లీ మొలుస్తుంది, కాబట్టి మిల్లు తప్పనిసరి. నీటి వసతి ఉన్న కొద్దిచోట్ల గడ్డి పెంచి, ఎండబెట్టి, కట్టలు కట్టి నిల్వ చేస్తే కరువులోనే దానికి గిరాకీ.

పూసల పని గురించి జాగ్రత్తగా ఆలోచించండి. సంబురు ప్రాంతంలో రెబెక్కా లోలోసోలి తదితర మహిళలు 1990లో స్థాపించిన ఉమోజా గ్రామం పర్యాటకులకు పూసల నగలు అమ్మి నిలబడింది. అది గొప్ప పని. కానీ ఆ గ్రామం వన్యప్రాణి రిజర్వుకు దగ్గర్లో ఉంది, కార్లు వస్తాయి. మీ గూడేనికి కార్లు వస్తాయా? 2020లో లాగా పర్యాటకులు ఆగిపోతే? ముందు కొనేవాడిని చూపించలేకపోతే పూసలు కొనిపించకండి.

మేకల వ్యాపారం, అంటే ఒక సంతలో కొని ఇంకో సంతలో అమ్మడం, వాళ్లకు బాగా తెలిసిన పని, లాభమూ ఉంటుంది. నియమం ఒక్కటే: ఈ వారం కొన్నది పై వారం సంతకు వెళ్లిపోవాలి. అట్టే పెట్టుకుంటే అది వ్యాపారం కాదు, మళ్లీ మందే అవుతుంది, కరువు దాన్నీ తీసుకెళ్తుంది. లాభంతో మేక కొనుక్కుంటామంటే కొననివ్వండి, వాళ్ల దృష్టిలో అసలైన పొదుపు అదే. పెట్టుబడి డబ్బుతో మాత్రం వద్దు.

5. లెక్క నేర్పండి, అరువుకు హద్దు పెట్టండి

చాలామందికి చదువు రాదు. దానివల్ల వ్యాపారం ఆగదు. మందలో రెండు వందల మేకలుంటే ఏది తప్పిపోయిందో చూపుతోనే చెప్పగలిగే మనుషులు వాళ్లు. బొమ్మల పద్దు పుస్తకం చేయించండి: చక్కెరకు ఒక గుర్తు, నూనెకు ఒకటి, అరువు తీసుకున్న ప్రతి ఇంటికీ ఒక గుర్తు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. 50 కిలోల చక్కెర బస్తా 7,500 కెన్యా షిల్లింగులు, లారీ కిరాయి 300. చిందింది, తూకంలో పోయింది కిలో. మిగతా 49 కిలోలు 170 చొప్పున అమ్మితే 8,330. మిగిలింది 530. ఇందులో నాలుగు కిలోలు అరువు పోయి తిరిగి రాకపోతే? 680 పోయినట్టు, బస్తా మీద 150 నష్టం. దీన్ని నోటితో చెప్పి వదిలేయకండి. ముగ్గురి చేతా గింజలతోనో రాళ్లతోనో పేర్పించి చూపించండి. నాలుగు కిలోల దగ్గర లాభం కుప్ప మాయమైనప్పుడు వాళ్లే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

అరువు పూర్తిగా వద్దని చెప్పడం తేలికే, అమలు చేయడం కుదరదు. దానికి బదులు రెండు హద్దులు పెట్టించండి: ఒక్కో ఇంటికి ఇంతకు మించి ఇవ్వకూడదు, మొత్తం అరువు సరుకు విలువలో ఐదో వంతు దాటకూడదు. దాటితే పాతది వసూలయ్యేదాకా కొత్తది లేదు. ఆకలితో ఉన్న ఇంటికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వనివ్వండి. అది దానం, అరువు కాదు. పద్దులోనూ ముగ్గురి వాటాలోంచి పోయిన దానంగానే రాయాలి.

6. పొదుపు పెట్టె

వ్యాపారం మొదలైన కొద్ది నెలల్లోనే ఐదు నుంచి ఎనిమిది జట్లను కలిపి 15 నుంచి 25 మందితో ఒక పొదుపు సంఘం పెట్టించండి. కేర్ సంస్థ 1991లో నైజర్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు ఆఫ్రికా అంతటా ఉంది. ఇనప పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. ప్రతి మీటింగ్‌లో ఒక్కొక్కరు ఒకటి నుంచి ఐదు వాటాల వరకు కొంటారు. అందులోంచే సభ్యులకు అప్పులు. ఏడాది తిరిగేసరికి పెట్టె ఖాళీ చేసి ఎవరి వాటా వాళ్లకు పంచుతారు. ఆపద నిధి వేరే సంచిలో ఉంటుంది.

బొరానా, గబ్రా, సోమాలి తెగల కుటుంబాల్లో చాలామంది ముస్లింలు, వడ్డీ వాళ్లకు నిషిద్ధం. అక్కడ వడ్డీ మాటే ఎత్తకండి. వడ్డీ లేకుండా తిప్పుకోవచ్చు, లేదా అప్పుతో చేసిన వ్యాపారం లాభంలో సంఘానికి వాటా పెట్టుకోవచ్చు. వాళ్ల మతపెద్దను పిలిచి నియమాలు వినిపిస్తే అనుమానాలు తీరిపోతాయి.

పంపకం జూన్ మొదట్లో పెట్టుకుంటే మంచిది. అప్పటికి పెద్ద వానలు అయిపోతాయి, ముందు పొడవైన ఎండాకాలం ఉంటుంది. చేతిలో డబ్బుతో ధర పెరగకముందే సరుకు కొనుక్కోవచ్చు. మందతో వలస వెళ్లే సభ్యురాలు తన వాటా ఎవరి చేత కట్టించాలో కూడా ముందే రాసుకోండి.

డబ్బు పంపుకోవడానికి, టోకు సరుకు కొనడానికి ఎం-పెసా ఉంది. 2007 నుంచి నడుస్తున్న ఈ మొబైల్ డబ్బు ఇప్పుడు మారుమూలకూ చేరింది. సిమ్ కార్డు ఆ మహిళ పేరు మీదే ఉందో లేదో చూడండి. భర్త పేరు మీద ఉంటే మీరిచ్చిన పెట్టుబడి ఆయన ఫోన్‌కు వెళ్తుంది. పిన్ నంబరు ఏజెంటుకు చెప్పి డబ్బు తీయించుకునే అలవాటును మొదట్లోనే మాన్పించండి.

7. కరువుకు ముందే ఒక ప్లాన్

కెన్యాలో జాతీయ కరువు నిర్వహణ సంస్థ పొడి కౌంటీలకు నెలనెలా బులెటిన్ ఇస్తుంది. అందులో ఆ కౌంటీ ఏ దశలో ఉందో ఉంటుంది: సాధారణం, హెచ్చరిక, ప్రమాదం, అత్యవసరం, కోలుకోవడం. మార్గదర్శకురాలు ప్రతి నెలా దాన్ని చదివి వినిపించాలి. ఏ దశలో ఏం చేయాలో జట్టు ముందే నిర్ణయించుకుని ఉండాలి.

హెచ్చరిక రాగానే అరువు వసూలు చేయాలి, మేకలు కొనడం ఆపాలి, మొక్కజొన్న పిండి, బీన్స్ ధర పెరగకముందే నిల్వ చేసుకోవాలి. ప్రమాద దశలో మిఠాయిలు, బట్టలు తీసేసి తిండి సరుకే ఉంచాలి. నూనె, పిండి చిన్న పొట్లాలు కట్టాలి, ఎందుకంటే కొనేవాళ్ల దగ్గర చిల్లర తప్ప ఏమీ ఉండదు. అత్యవసర దశలో ఉచిత ధాన్యం వస్తే పిండి అమ్ముడుపోదు. అప్పుడు ఆ సాయంలో లేనివి, అంటే టీ పొడి, చక్కెర, ఉప్పు, సబ్బు ఉంచాలి.

కరువులోనూ కొంత డబ్బు గూడేనికి వస్తూనే ఉంటుంది. తుర్కానా, మార్సబిట్, మండేరా, వాజిర్‌లలో 2009 నుంచి నడుస్తున్న హంగర్ సేఫ్టీ నెట్ ప్రోగ్రామ్ పేద ఇళ్లకు నేరుగా నగదు ఇస్తోంది. ఆ డబ్బు పడే రోజులకు సరుకు సిద్ధంగా ఉంచుకున్న కొట్టు నిలబడుతుంది. మన మొదటి ప్రశ్నకు ఇది కూడా ఒక జవాబే.

పశువులకు బీమా చేయించుకునే వీలుంటే వివరంగా చెప్పండి. 2010లో మార్సబిట్‌లో మొదలైన సూచిక ఆధారిత బీమాలో ఉపగ్రహం నుంచి మేత పచ్చదనాన్ని కొలిచి, అది బాగా తగ్గితే పరిహారం ఇస్తారు. తన మేక చచ్చినా, ప్రాంతంలో పచ్చదనం తగ్గలేదని లెక్క తేలితే డబ్బు రాదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత మోసం చేశారనుకుంటారు.

8. మీరు చెప్పడం కంటే వాళ్లు చూడటం మేలు

2000 తర్వాతి ఏళ్లలో పరిమా అనే పరిశోధన ప్రాజెక్టు దక్షిణ ఇథియోపియా పశుపోషకులను ఉత్తర కెన్యాకు తీసుకెళ్లి, అక్కడ అప్పటికే బాగా నడుస్తున్న మహిళా సంఘాలను చూపించింది. ఆ సంఘాల్లో చాలామందికి అక్షరం రాదు. తమలాంటి ఆడవాళ్లే పద్దులు నడపడం, ధైర్యంగా మాట్లాడటం చూసి వచ్చినవాళ్లు సొంత ఊళ్లలో సంఘాలు పెట్టుకున్నారు. లేన్ కొప్పాక్ బృందం ఈ అనుభవాన్ని 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. మీ బడ్జెట్‌లో శిక్షణ తరగతులు రెండు తగ్గించైనా ఇలాంటి ఒక ప్రయాణానికి డబ్బు ఉంచండి. భర్తలను కూడా కొందరిని వెంట తీసుకెళ్లండి.

మార్గదర్శకురాలు ఆ భాష మాట్లాడే, ఆ దారుల్లో నడవగలిగే మనిషై ఉండాలి. మొదటి ఆరు నెలలు తరచుగా, తర్వాత నెలకోసారి వెళ్తే చాలు. వెళ్లినప్పుడు మూడే చూడాలి: పెట్టెలో నగదు, అటకమీద సరుకు, పద్దులో అరువు. ఈ మూడూ కలిపితే మీరిచ్చిన పెట్టుబడి కంటే తక్కువ ఉంటే అదే రోజు ముగ్గురినీ కూర్చోబెట్టి కారణం అడగాలి.

రెండేళ్లయ్యాక తప్పుకునే ముందు కనీసం ఒక ఎండాకాలాన్నైనా ఆ జట్టు మీ డబ్బు లేకుండా దాటిందో లేదో చూడండి. మీరున్న రెండేళ్లూ వానలు బాగా పడి ఉంటే ఆ పరీక్ష ఇంకా జరగలేదన్నమాట. అలాంటప్పుడు మార్గదర్శకురాలిని ఇంకో ఏడాది ఉంచడానికి డబ్బు అడగండి.